చేతులు వణికితే బ్లఫ్ అనుకున్నాను

ప్రశ్న: మేం ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. రెండు వారాలకోసారి శుక్రవారం రాత్రి ఏడెనిమిది మంది స్నేహితులం ఎవరో ఒకరి ఇంట్లో చేరి పోకర్ ఆడతాం. టెక్సాస్ హోల్డెమ్, అంటే తలా రెండు ముక్కలు చేతిలో, అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు బల్ల మీద. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు పెట్టాల్సిన డబ్బు, అర డాలరు, ఒక డాలరు. తలా 200 డాలర్లతో కూర్చుంటాం. రెండేళ్లుగా ఆడుతున్నాను. నా ముక్కలు మంచివో చెడ్డవో నాకు తెలుస్తుంది గానీ, అవతలివాళ్ల దగ్గర ఏముందో మాత్రం ఒక్కసారీ సరిగ్గా పట్టుకోలేకపోతున్నాను.

పోయిన శుక్రవారం జరిగింది చెప్తాను. మా తోడల్లుడుగారు అందరికన్నా ముందు ఆడాల్సిన సీట్లో కూర్చుని, ఒక డాలరు పెట్టి ఆటలో కలిశారు. నేను బటన్ మీద, అంటే బల్ల మీద ముక్కలు పడ్డాక ఆఖరున ఆడే సీట్లో ఉన్నాను. నాకు ఇస్పేటు ఆసు, డైమన్ రాజు. ఐదు డాలర్లకి పెంచాను. మిగతావాళ్లు పడేశారు, ఆయన కాల్ చేశారు, అంటే నా ఐదుకి సమానం చేశారు. ఫ్లాప్‌లో (బల్ల మీద మొదట తిప్పే మూడు ముక్కలు) కళావర్ రాజు, ఆఠీన్ ఎనిమిది, ఆఠీన్ నాలుగు. ఆయన చెక్ అన్నారు, అంటే డబ్బు పెట్టకుండా వంతు నాకు వదిలారు, నేను 8 పెట్టాను, ఆయన కాల్. నాలుగో ముక్క, టర్న్, ఇస్పేటు జాకీ. మళ్లీ చెక్, నేను 18, ఆయన కాల్. చివరిదైన అయిదో ముక్క, రివర్, డైమన్ రెండు. మళ్లీ చెక్. నేను 35 పెట్టాను. ఆయన ఒక నిమిషం ఆగి, దగ్గరున్న 169 మొత్తం ముందుకు తోసేశారు. చిప్స్ తోస్తున్నప్పుడు చేతులు వణకడం నాకు స్పష్టంగా కనిపించింది. అయిదు ఆఠీన్లు కలిసే ఆఠీన్ ఫ్లష్ కోసం ఎదురుచూసి, అది రాకపోయేసరికి నన్ను బెదిరిస్తున్నారనుకున్నాను. దీపావళి రాత్రి ఒకసారి ఆయన చెత్త ముక్కలతో నాచేత మంచి హ్యాండ్ పడేయించి, బల్లమీద తిప్పి చూపించి మరీ నవ్వారు. అదీకాక 2003 పోకర్ వరల్డ్ సిరీస్ ఫైనల్ వీడియోలో శామ్ ఫర్హా అనే ఆటగాడు, అవతలివాడికి ఫ్లష్ రాలేదేమో అని పైకి అంటూనే వదిలేసి దెబ్బతిన్నాడు కదా, ఆ తప్పు నేను చేయకూడదనుకున్నాను. కాల్ చేశాను. ఆయన ఎనిమిదుల జంట తిప్పారు, బల్ల మీది ఎనిమిదితో కలిపి మూడు ఎనిమిదులు, నా రాజుల జంటని కొట్టేశాయి. నా 200 పోయాయి.

ముఖం చూసి చదవడం ఎలా నేర్చుకోవాలి? మా బ్యాచ్‌లో ఒకతను, ఏ ఘట్టంలో ఎలా ఆడాలో లెక్కకట్టే సాల్వర్ సాఫ్ట్‌వేర్ కొనమంటున్నాడు, కొనాలా? ఇంకోటి, ఆయన సొంత మనిషి. ఆయన ఆటలో నాకేదైనా గుట్టు దొరికితే ఆయనకి చెప్పడం ధర్మమా?

సమాధానం: ముందు ఆ వణుకు సంగతి తేల్చేద్దాం, లేకపోతే మీ బుర్రలోంచి అది పోదు.

చేతులు వణకడం చాలాసార్లు మీరనుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకం. రెండు గంటలు చెత్త ముక్కలు చూసి చూసి విసిగిపోయిన మనిషికి ఒక్కసారి మూడు ఎనిమిదులు పడి, ఎదుటివాడు మూడుసార్లు డబ్బు పెట్టాక ఒళ్లంతా జలదరిస్తుంది. ఆ ఉద్వేగం చేతుల్లోకి వస్తుంది. బ్లఫ్ చేసేవాడు సాధారణంగా బిగుసుకుపోతాడు, ఊపిరి కూడా జాగ్రత్తగా తీస్తాడు, ఏ చిన్న కదలిక తనని పట్టిస్తుందో అని. ఇది కూడా ఎప్పుడూ నిజమని కాదు. మీ తోడల్లుడుగారు టీ కప్పు అందుకునేటప్పుడు కూడా చేయి వణికే మనిషైతే ఆ వణుక్కి అర్థమే లేదు. ఎప్పుడూ వణకని మనిషి హఠాత్తుగా వణికితే మాత్రం నేనైతే లేచి మంచినీళ్లు తాగడానికి వెళ్తాను.

అసలు మీరు ముఖం దగ్గర మొదలుపెట్టడమే చిక్కు. ముఖం ఒక గింజంత చెప్తే డబ్బు ఒక మూటంత చెప్తుంది. 2007లో ఆనెట్ ఒబ్రెస్టాడ్ అనే నార్వే అమ్మాయి 180 మంది ఆడిన ఆన్‌లైన్ టోర్నమెంట్‌ని తన ముక్కలు తనకే కనబడకుండా కప్పేసి గెలిచింది. మొత్తం మీద ఒక్కసారే చూసుకున్నానని తనే చెప్పింది. ఆన్‌లైన్‌లో అవతలివాళ్ల ముఖాలూ కనబడవు. అంటే తన ముక్కలూ తెలియవు, వాళ్ల ముఖాలూ తెలియవు. ఎవరు ఎప్పుడు ఎంత పెట్టారు, ఎక్కడ ఆగారు అన్నదొక్కటే ఆమె దగ్గరున్న సమాచారం. అదే ఏడాది లండన్‌లో జరిగిన పోకర్ వరల్డ్ సిరీస్ యూరప్‌లో మెయిన్ ఈవెంట్, అంటే ప్రధాన టోర్నమెంట్, కూడా గెలిచింది, అప్పటికి ఆమెకి పద్దెనిమిదేళ్లే.

మీరు రమ్మీ ఆడే ఉంటారు. మనవాళ్లలో ఆడనివాళ్లు తక్కువ. మా చిన్నప్పుడు పెళ్లిళ్లకి వెళ్తే విడిదింట్లో తెల్లవార్లూ చాప మీద రమ్మీ నడిచేది. మా మేనమామ ఒకాయన ఎవరి ముఖమూ చూసేవాడు కాదు. కళ్లెప్పుడూ కింద పడే ముక్కల మీదే. ఎదుటివాడు ఇస్పేటు ఏడు ఎత్తుకుని కళావర్ తొమ్మిది పడేస్తే, ఆయన బుర్రలో అప్పటికే లెక్క మొదలయ్యేది. ఇస్పేట్లో ఏడు చుట్టుపక్కల ఏదో కడుతున్నాడు, లేదా ఏడుల సెట్ చేస్తున్నాడు, తొమ్మిదితో పని లేదు. మరో రెండు చేతులు తిరిగేసరికి ఆఠీన్ ఏడు పక్కనే పడినా అతను ఎత్తుకోకపోతే, సెట్ సంగతి కొట్టేసేవాడు. ఆ తర్వాత ఇస్పేటు ఆరు తన దగ్గరుంటే దాన్ని చచ్చినా పడేసేవాడు కాదు. ఇందులో జ్యోతిష్యం ఏమీ లేదు. ఎత్తుకున్నదీ, వదిలేసిందీ రెండూ గుర్తుపెట్టుకోవడం, ప్రతిసారీ జాబితాలోంచి కొన్ని కొట్టేయడం. పోకర్లో కింద పడే ముక్కలు ఉండవు, బెట్లు ఉంటాయి. చదివే పద్ధతి మాత్రం అదే.

మీరు చేసిందేమిటంటే, చివరి ముక్క పడ్డాక మొదటిసారి ఆయన దగ్గరేముందని ఆలోచించారు. రమ్మీలో ఎదుటివాడు షో అన్నాక అతను ఏ ముక్కలు ఎత్తుకున్నాడో గుర్తుచేసుకోవడం లాంటిది అది. మీ హ్యాండ్‌నే మొదటినుంచి నడుద్దాం.

52 ముక్కల్లోంచి రెండు ముక్కలు 1326 రకాలుగా పడొచ్చు. ఆయన ఒక డాలరు పెట్టి కలవగానే అందులో చాలావరకు పోతాయి. అందరికన్నా ముందు ఆడాల్సిన సీట్లో, వెనక ఇంకా ఆరేడుగురు ఉండగా, కాస్త ఆట తెలిసినవాడు రాణి-మూడు లాంటివి ఆడడు. ఇటువైపు నుంచి కూడా కొట్టేయండి. ఆసుల జంట, రాజుల జంట వస్తే ఆయన డాలరు పెట్టి ఊరుకోవడం ఈ రెండేళ్లలో ఎప్పుడైనా చూశారా? చాలామంది ఊరుకోరు, పెంచుతారు. జాకీల జంటకి కూడా అదే మాట. ఇక మిగిలేవి ఏమిటి? రెండు నుంచి తొమ్మిది దాకా చిన్న జంటలు, ఒకే రంగు (అంటే రెండూ ఇస్పేట్లో, రెండూ ఆఠీన్లో) పక్కపక్క ముక్కలు, ఆసుతో పాటు అదే రంగు ఇంకో ముక్క, రాజు-రాణి, రాజు-జాకీ లాంటి బొమ్మలు. మీరు ఐదుకి పెంచాక కూడా ఆయన వదల్లేదు, కాబట్టి ఇందులో పెద్దగా ఏమీ తగ్గవు. చిన్న జంటలవాళ్లకి అసలు కావల్సిందే అది, చౌకగా ఫ్లాప్ చూసి మూడోది పడుతుందేమోనని.

ఫ్లాప్ మీద రాజు, ఎనిమిది, నాలుగు, అందులో రెండు ఆఠీన్లు. ఆయన చెక్ అని, మీ ఎనిమిది డాలర్లకి కాల్ చేశారు. ఇప్పుడు అయిదుల జంట, రెండుల జంట చాలావరకు పోయాయి, అక్కడ రాజు ఉంది, మీరు పెంచారు, దేనికి నిలబడతారు? నిలబడేవి ఇవి: రాజు ఉన్న హ్యాండ్లు, రెండు ఆఠీన్లు, ఎనిమిది ఉన్నవి కొన్ని, తొమ్మిదుల జంట లాంటివి, మూడు ఎనిమిదులు, మూడు నాలుగులు. మీరు ఆఖర్లో తలచుకున్న ఆఠీన్ ఫ్లష్ ఈ జాబితాలో ఉంది. మూడు ఎనిమిదులూ ఉన్నాయి. రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి, అప్పటికి ఏదీ కొట్టేయడానికి లేదు.

టర్న్ మీద జాకీ. మళ్లీ 18కి కాల్. ఎనిమిదితో ఒక జంట పట్టుకున్నవాళ్లు, తొమ్మిదుల జంటవాళ్లు ఇక్కడ జారుకోవాలి. అంటే ఇప్పుడున్నది ప్రధానంగా మూడు గుంపులు. రాజుతో ఒక జంట ఉన్నవి, మీకన్నా తక్కువ. ఫ్లష్ కోసం ఎదురుచూస్తున్నవి. మిమ్మల్ని ఎప్పుడో దాటిపోయి మౌనంగా కూర్చున్నవి.

రివర్ మీద రెండు పడింది, ఎవరికీ పనికిరాని ముక్క. మీరు 35 పెట్టడం తప్పేమీ కాదు, రాజు-రాణి, రాజు-పది ఉన్నవాళ్లు కాల్ చేస్తారు. అసలు ఘట్టం ఆ తర్వాత వచ్చింది. ఆయన రెయిజ్ చేశారు, అంటే మీ బెట్టు మీద ఇంకా పెంచారు. రెయిజ్ రాగానే మధ్యరకం గుంపు మొత్తం కొట్టేయాలి. రాజు-రాణి ఉన్న మనిషి మీ 35 చూసి ఏం చేస్తాడు? ఓడిపోయానేమో, గెలిచానేమో చూద్దాం అని కాల్ చేస్తాడు. 169 తోయడు. తోస్తే తనకన్నా తక్కువవి పారిపోతాయి, ఎక్కువవి మాత్రమే కాల్ చేస్తాయి. జాన్ వాన్ నాయ్‌మన్ అనే గణిత మేధావి పోకర్‌ని బొత్తిగా చిన్న లెక్కగా కుదించి పరిశీలించినప్పుడు తేల్చింది కూడా ఇదే. పెద్ద బెట్టు వేయాల్సింది చాలా మంచి ముక్కలతో, బ్లఫ్ చేయాల్సింది అతి చెత్త ముక్కలతో, మధ్యలోవి చెక్ అని ఊరుకోవాలి. ఆ పేరు వినని పేకాటరాయుడు కూడా అనుభవం మీద అలాగే ఆడతాడు.

కాబట్టి రెండే గుంపులు మిగిలాయి. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టండి. ఏదైనా జంట మామూలుగా ఆరు రకాలుగా పడుతుంది. అందులో ఒక ముక్క బల్ల మీద కనబడుతుంటే మూడు రకాలే. కాబట్టి ఎనిమిదుల జంట మూడు, నాలుగుల జంట మూడు. రాజు-జాకీకి వస్తే, ఒక రాజు మీ దగ్గర, ఒకటి బల్ల మీద, ఇంకా రెండు మిగిలాయి. జాకీలు మూడు. రెండు మూళ్లు ఆరు. రాజు-జాకీ ఉన్నవాళ్లందరూ ఇంత డబ్బు తోయరు, కొందరు కాల్‌తో సరిపెడతారు, అందుకని నాలుగు అనుకుందాం. మొత్తం పది. ఇంకో వైపు తప్పిన ఆఠీన్లు. ఆసుతో పాటు రాణి, పది, తొమ్మిది, ఏడు, ఆరు, అయిదు, మూడు, ఇవి ఏడు. రాణి-పది, రాణి-తొమ్మిది, పది-తొమ్మిది, తొమ్మిది-ఏడు, ఏడు-ఆరు, ఏడు-అయిదు, ఆరు-అయిదు, ఇవి మరో ఏడు. మొత్తం పద్నాలుగు.

చూశారా, పది ఒకవైపు, పద్నాలుగు ఒకవైపు. అంటే మీ ఊహకి అసలు ఆధారమే లేదని ఎవరూ అనలేరు. తప్పిన ఫ్లష్‌లే సంఖ్యలో ఎక్కువ. మీరు పొరపడింది ఇక్కడ కాదు. ఆ పదిలో ప్రతి ఒక్కటీ డబ్బు తోస్తుంది. ఆ పద్నాలుగులో ఎన్ని తోస్తాయి? మీరడగాల్సిన ప్రశ్న అదీ.

మీరు ఇంకా 134 పెట్టాలి, అప్పటికి అందరూ పెట్టిన డబ్బు చేరిన పాట్‌లో ఉన్నది 267.50. అన్నీ కలిపితే 401.50. మూడింట ఒకసారి గెలిస్తే చాలు, మీ డబ్బు మీకు వచ్చేస్తుంది. అవతల పది నిజమైనవి ఉన్నాయి కాబట్టి మీకు కనీసం అయిదు బ్లఫ్‌లు కావాలి. అంటే తప్పిన ప్రతి మూడు ఫ్లష్‌లలో ఒకదానికన్నా ఎక్కువసార్లు ఆయన ఉన్నదంతా తోసే మనిషి అయ్యుండాలి. మీరే రాశారు, రెండేళ్లలో ఆయన బ్లఫ్ చూపించింది దీపావళి రాత్రి ఒక్కసారి అని. తప్పిన ఫ్లష్‌తో చెక్ అని ఊరుకుని, మీరు బెట్టు వేస్తే పడేసిన రాత్రులు ఎన్నో లెక్కేలేదు, ఎందుకంటే అప్పుడు ముక్కలు బోర్లా పెట్టి పక్కకి జరిపేస్తారు, మీకు కనబడవు. చూపించి నవ్విన ఆ ఒక్కటే గుర్తుండిపోయింది. ఆయన అందుకే చూపించారేమో కూడా. ఒక్క బ్లఫ్ చూపిస్తే ఆర్నెల్ల పాటు దానిమీద వడ్డీ వస్తుందని పాత ఆటగాళ్లకి తెలుసు.

ఇళ్లల్లో జరిగే చిన్న ఆటల్లో చెక్, కాల్, చెక్, కాల్, చెక్, చివర్లో రెయిజ్ అన్న వరస కన్నా నిజాయితీగా చెప్పే మాట ఇంకోటి లేదు. అది విన్నాక వదిలేసి ఉంటే మీకు పోయేది 66 డాలర్లు.

మీరు ఫర్హా మాట ఎత్తారు కాబట్టి అది కూడా చూద్దాం, ఆ వీడియో చాలామందికి చేటు చేసింది. 2003లో లాస్ వేగస్‌లో 839 మంది ఆడిన మెయిన్ ఈవెంట్ అది, చివరికి ఇద్దరే మిగిలారు. ఒకాయన మీ టెక్సాస్‌వాడే, హ్యూస్టన్ ఆటగాడు శామ్ ఫర్హా. రెండోవాడు టెనెసీ నుంచి వచ్చిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్, ఇంటర్నెట్‌లో ఒక చిన్న టోర్నమెంట్ గెలిచి అక్కడిదాకా వచ్చాడు. బల్ల మీద ఇస్పేటు తొమ్మిది, డైమన్ రెండు, ఇస్పేటు ఆరు, తర్వాత ఇస్పేటు ఎనిమిది, చివర్లో ఆఠీన్ మూడు. ఫర్హా దగ్గర రాణి-తొమ్మిది, తొమ్మిదుల జంట. మనీమేకర్ దగ్గర ఇస్పేటు రాజు, ఆఠీన్ ఏడు. ఫ్లష్ రాలేదు, వరసా కుదరలేదు, ఉత్త రాజు. ఉన్నదంతా తోశాడు. ఫర్హా అనుమానం అక్షరాలా నిజం, అయినా వదిలేశాడు.

మీ హ్యాండ్‌కీ దానికీ తేడా ఎక్కడుంది? మనీమేకర్ చివర్లో మాత్రమే నిద్రలేచినవాడు కాదు. ఫర్హా టర్న్ మీద బెట్టు వేస్తే అక్కడే రెయిజ్ చేశాడు, అప్పటికింకా ఫ్లష్ రావడానికి, వరస కుదరడానికి రెండు దారులూ తెరిచే ఉన్నాయి. రావాల్సింది రాకపోతే బ్లఫ్‌తో ముగించే కథ అది, మధ్యలోనే మొదలైంది. ఆవేశంగా డబ్బు పెడుతూ వచ్చినవాడి చివరి బెట్టులో గాలి ఉండే అవకాశం ఎక్కువ. మూడుసార్లు తలొంచుకుని కాల్ చేసినవాడి రెయిజ్‌లో అంత గాలి ఉండదు. ఆ వీడియో చూసి నేర్చుకోవాల్సింది ఇదైతే, జనం మాత్రం అనుమానం వస్తే కాల్ చేయాలని నేర్చుకున్నారు.

నేనూ ఇలాంటి తప్పు చేశాను, మీది కన్నా ఖరీదైనది. పదేళ్ల కిందట గోవాలో, పణజి దగ్గర మాండవి నది మీద నిలిపిన పడవ క్యాసినోలో. నాకు రాణుల జంట. ఫ్లాప్‌కి ముందే ఒకాయన నా రెయిజ్ మీద గట్టిగా రెయిజ్ చేశాడు. ఆసు-రాజు అని నిర్ణయించేసుకున్నాను. అప్పటికి ఆ ఊహ తప్పేమీ కాదు. ఆసు-రాజు పదహారు రకాలుగా పడుతుంది, ఆసుల జంట ఆరు, రాజుల జంట ఆరు, కలిపితే పన్నెండే. ఫ్లాప్‌లో అన్నీ చిన్న ముక్కలు. ఆయన పెట్టాడు. టర్న్ చిన్నది. మళ్లీ పెట్టాడు. రివర్ చిన్నది. మొత్తం పెట్టేశాడు. ఆసు-రాజుకి ఏమీ తగల్లేదు కదా అని సంతోషంగా కాల్ చేశాను. రాజుల జంట తిప్పాడు. ఆసు-రాజుతో మొదటిసారి పెట్టేవాళ్లు చాలామంది, రెండోసారి కొందరు, మూడోసారి ఉన్నదంతా తోసేవాళ్లు బహుకొద్దిమంది. పదహారు కాస్తా ప్రతి బెట్టుకీ కరిగిపోతూ వచ్చాయి, పన్నెండు మాత్రం పన్నెండుగానే ఉన్నాయి. నేను మాత్రం మొదట రాసుకున్న పేరుని చివరిదాకా దిద్దలేదు. ఆ రాత్రి హోటల్‌కి నడుచుకుంటూ పోయాను, టాక్సీకి మనసు ఒప్పలేదు.

ఇళ్లల్లో ఆడే ఆటల్లో నేను గమనించినవి కొన్ని చెప్తాను, మీ బల్ల దగ్గర సరిపోతాయో లేదో మీరే చూసుకోండి. అంతవరకు కాల్ చేస్తూ వచ్చిన మనిషి ఉన్నట్టుండి తనే ముందుగా చిన్న బెట్టు వేస్తే, అరవై డాలర్ల పాట్‌లో ఎనిమిదో పదో, అది చాలావరకు భయం. మీరు పెద్దది వేయకముందే తనే ధర కట్టేసి చౌకగా చివరిదాకా చూద్దామని. ఒకే రంగు ముక్కలు రెండున్న ఫ్లాప్ మీద మీ బెట్టు బల్లని తాకకముందే కాల్ అనేశాడంటే పెంచాలా వద్దా అని ఆలోచించే అవసరమే అతనికి రాలేదు, ఫ్లష్ కోసం చూస్తున్నాడేమో గుర్తుపెట్టుకోండి. ఫ్లాప్‌కి ముందు అందరూ అయిదు పెట్టే చోట ఒకడు పదిహేను పెడితే ఆసుల జంట అని వణికిపోకండి, జాకీల జంటో పదుల జంటో అయ్యుంటుంది, ఫ్లాప్ చూడటం ఇష్టం లేక. ఆసుల జంట వచ్చినవాడు ఎవరూ పారిపోకూడదని చూస్తాడు. టర్న్ మీద రెయిజ్ వస్తే మాత్రం నమ్మండి. ఇక బ్లఫ్‌లు నిజంగా ఉండే చోటు వేరే ఉంది. ఫ్లాప్ మీద, టర్న్ మీద అందరూ చెక్ అనేశాక, రివర్ మీద ఎవరో ఒకరు అనాథగా పడున్న ఆ చిన్న పాట్ కోసం చేయి చాస్తారు చూడండి, అక్కడ మధ్యరకం జంటతో కూడా కాల్ చేయొచ్చు. మీ కాల్ చేసే సరదా అక్కడ తీర్చుకోండి.

అభ్యాసం మాటకొస్తే, మీరు ముక్కలు పడేశాక ఏం చేస్తుంటారు? ఫోన్ చూస్తుంటారు, ఔనా? రాత్రి మొత్తం మీద మీరు ఆడే హ్యాండ్లు పాతికో ముప్ఫయ్యో, పడేసేవి అంతకు నాలుగింతలు. చదవడం నేర్చుకునేది ఆ పడేసిన వాటిలోనే, డబ్బు మీది కాదు కాబట్టి టెన్షన్ ఉండదు. ఇద్దరు ఆడుతుంటే ఒక్కరినే పట్టుకోండి. ఫ్లాప్‌కి ముందు ఆయన దగ్గర ఏ రకాలు ఉండొచ్చో అనుకోండి, ప్రతి బెట్టుకీ ఏవి పోయాయో కొట్టేయండి, ముక్కలు తిప్పకముందే మనసులో ఒక మాట అనేసుకోండి. మొదట్లో పదింట ఏడు తప్పుతాయి. తప్పినప్పుడు, ఏ బెట్టు దగ్గర మీరు దారి తప్పారో వెనక్కి వెళ్లి చూసుకోండి. చివరిదాకా వెళ్లి తిప్పిన ప్రతి హ్యాండ్‌నీ, ఎలా ఆడి అక్కడికి వచ్చారో ఇంటికెళ్లాక రెండు ముక్కల్లో రాసుకోండి. నాలుగు శుక్రవారాలకి మీ బల్ల దగ్గర ఎవరు ఎలా ఆడతారో ఒక చిన్న నోటుబుక్కు తయారవుతుంది.

సాల్వర్ ఇప్పుడే వద్దు. అది చూపించేది ఎవరూ ఏ పొరపాటూ చేయని బల్ల దగ్గర ఎలా ఆడాలో. పాట్ ఎంతుందో అంత బెట్టు వేసే చోట ప్రతి రెండు మంచి హ్యాండ్లకి ఒక బ్లఫ్ కలపాలని అది లెక్కకట్టి చెప్తుంది, నిజమే. మీ తోడల్లుడుగారు రెండేళ్లకి ఒకటి కలుపుతున్నారు. ఆయన్ని చదవడానికి నోటుబుక్కు చాలు.

మన ఊళ్లలో ఉన్న పాఠకులకి ఒక మాట. ఇది చదివి ఎవరైనా ఫోన్‌లో పేకాట యాప్ కోసం వెతుకుతారేమో. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా, దేశమంతటా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలని మూసేసింది. రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆట అని 1967లో సుప్రీంకోర్టు అన్నది కదా అని కొందరు ఇంకా వాదిస్తుంటారు. ఆ కేసు సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో, మనుషులు ఎదురెదురుగా కూర్చుని ఆడిన ఆట గురించి. ఫ్రిస్కోలోని మీరు కూడా, ఇల్లిచ్చినాయన పాట్‌లోంచి కమీషన్ తీసుకునే ఆటలకి వెళ్లకండి. టెక్సాస్ చట్టం ఇంటి ఆటలకి ఇచ్చే మినహాయింపు, గెలిచిన డబ్బు తప్ప ఎవరికీ వేరే లాభం లేనప్పుడే.

ఇక చివరి ప్రశ్న, ధర్మసందేహం. ఆయన గుట్టు మీకు దొరికింది. మంచి ముక్కలు పడితే మూడుసార్లు చెక్ అని, నాలుగోసారి లేస్తారు. చెప్తే ఏమవుతుందో ఆలోచించండి. వచ్చే శుక్రవారం నుంచి తప్పిన ఫ్లష్‌తో కూడా సరిగ్గా అలాగే ఆడతారు, మీ నోటుబుక్కులో ఆయన పేజీ చించి పారేయాల్సి వస్తుంది. బంధుత్వం బంధుత్వమే, సంక్రాంతికి పిలిచి అరిసెలు పెట్టండి. ఇది మాత్రం ఆ రెండొందలు తిరిగొచ్చాక చెప్పండి.